శిశుపోషణము: ఉయ్యెల ప్రక్క వినవచ్చు సలహా



బిడ్డకు పాలిచ్చు విషయమున బాలింతకు సలహా చెప్పనివారు లేరు. కన్నతల్లి చెప్పును, అత్తగారు చెప్పుదురు, పొరుగింటి పెద్దముత్తైదువ చెప్పును. ఆ సలహాలలో మంచివియు గలవు, చెడ్డవియు గలవు. కాని వానికొక సుగుణమున్నది. చెప్పినవారెవరో మనకు తెలియును. వారు మనకేమి కావలసినవారో తెలియును. మన బిడ్డ యేమి త్రాగినను వారికి డబ్బు రాదనియు తెలియును. నేడు బాలింత యొద్దకు మరియొక సలహాదారు వచ్చి చేరినది. అది చేతిలోని ఫోనులోనుండి మాట్లాడును. దాని ముఖము కానరాదు. దానిని గూర్చియే యీ మాసమున ముచ్చటింప దలచితిమి.

పాడ్‌కాస్టు అను మాట మీలో పెక్కుమంది వినియే యుందురు. అది రేడియో ప్రసంగము వంటిది. రేడియో ప్రసంగమును వచ్చిన వేళకే వినవలెను. దీనిని మనకు తీరికయైనప్పుడు, వంట చేసికొనుచు గాని బిడ్డకు పాలిచ్చుచు గాని, ఎన్నిమారులైనను వినవచ్చును. వైద్యులకును దాదులకును ప్రత్యేకముగా చేయబడు ప్రసంగములును ఇందు గలవు. శిశ్వారోగ్యమును గూర్చి జరుగుచున్న పరిశోధనలను పరిశోధకులే వచ్చి అందు విడమరచి చెప్పుదురు. వైద్యపత్రికలో పుటలకొలది చదువ తీరికలేని వైద్యుడు ఆసుపత్రికి పోవుచు దారిలో ఆ సారమును వినగలడు. ఇది మిక్కిలి మేలైన పని. ప్రకటనల వ్యాపారము చేయువారికిని ఇట్టి ప్రసంగములే వేరుగా కలవు. ఎవరికి, ఏ వేళ, ఏ ప్రకటన చూపిన సరకు అమ్ముడుపోవునో వారు అందు చర్చించుకొందురు. ఈ రెండు విద్యలును వచ్చి కలిసికొను చోటొకటి కలదు. అది మన చంటిబిడ్డ ఉయ్యెల.

మేమెరిగిన యొక యింట జరిగిన సంగతి చెప్పెదము. తొలిచూలు కాన్పు. బిడ్డకు మూడు వారములు నిండినవి. దీపములు పెట్టు వేళ కాగానే యేడ్పు మొదలుపెట్టి రెండు మూడు గంటలు మానకుండెడిది. తల్లి చదువుకొన్న పిల్ల. రాత్రివేళ పాలిచ్చుచు పరదేశమునుండి వచ్చు నొక పాడ్‌కాస్టు వినుచుండెడిది. ఒకనాడు అందొక వైద్యుడు శిశువుల యేడ్పును గూర్చి చక్కగా మాట్లాడెను. నడుమ అదే గొంతుతో, అదే శాంతముతో, ఫలానా పాలపొడి పట్టిన బిడ్డలు రాత్రి హాయిగా నిద్రింతురని చెప్పి, మరల మొదటి విషయమునకు వచ్చెను. వైద్యము ఎక్కడ ముగిసినదో, వ్యాపారము ఎక్కడ మొదలైనదో ఆ పిల్లకు తెలియలేదు. తనకు పాలు చాలుట లేదు కాబోలునని బెంగ పట్టుకొన్నది. మరునాడే డబ్బా వచ్చినది, సీసా వచ్చినది. వారము దినములలో బిడ్డ సీసాకు మరగి చన్ను పట్టుట మానెను. తల్లికి పాలును తగ్గెను. అప్పుడు డాక్టరమ్మ యొద్దకు పోయిరి. ఆమె బిడ్డ తూకము వ్రాసిన చీటీలు చూచి, "అమ్మాయీ, డబ్బా కొనకముందే నీ బిడ్డ బాగుగా పెరుగుచున్నది గదా! నీకు పాలు తక్కువ యని యెవరు చెప్పిరి?" అని యడిగెను. ఆ పిల్ల బదులు చెప్పలేక కన్నీరు పెట్టుకొన్నది. బిడ్డను మరల చన్నుపాలకు అలవాటు చేయుటకు మూడు వారములు పట్టినది.

ఈ వ్యాపారము క్రొత్తది కాదు. వేషము మాత్రమే క్రొత్తది. 1939లో సింగపూరునందు డాక్టరు సిసిలీ విలియమ్సు అను వైద్యురాలు రోటరీ క్లబ్బువారి సభలో "పాలు, హత్య" యను శీర్షికతో ఉపన్యసించెను. ఆఫ్రికా బిడ్డలలో క్వాషియోర్కర్ అను పోషకలోప వ్యాధిని 1930వ దశకమున వైద్యలోకమునకు వివరించిన విదుషీమణి ఆమెయే. దాదుల దుస్తులు ధరించి, పాలున్న తల్లులకు సైతము పోతపాలను అంటగట్టు కంపెనీ స్త్రీలను ఆమె ఆ సభలో తీవ్రముగా ఖండించెను. నాడు తెల్లదుస్తులు చూచి తల్లులు నమ్మిరి. నేడు తియ్యని గొంతు విని నమ్ముచున్నారు.

ఆమె హెచ్చరికను లోకము చాలకాలము చెవిని పెట్టలేదు. 1974లో బ్రిటనునందు ఒక సేవాసంస్థ పేదదేశములలోని పాలపొడి వ్యాపారమును గూర్చి యొక చిన్నపుస్తకము ప్రకటింపగా అలజడి పుట్టినది. తుదకు 1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ పోతపాల అమ్మకమును గూర్చి యొక నియమావళిని ఆమోదించెను. 118 దేశములు అనుకూలముగా నుండగా, ప్రతికూలముగా ఓటు వేసినది అమెరికా ఒక్కటియే. ప్రజలకు ఇట్టి పాలను గూర్చి ప్రకటనలు చేయరాదు, తల్లులకు ఉచితముగా మచ్చులు పంచరాదు అనునవి అందలి ముఖ్య నియమములు.

మన దేశము ఆ నియమావళిని మాటలతో విడువక చట్టముగా చేసికొన్నది. 1992లో చేయబడి, 2003లో బలపరుపబడిన ఆ చట్టము ప్రకారము రెండేండ్లలోపు బిడ్డలకు ఉద్దేశించిన పాలపొడులను గాని, డబ్బా ఆహారములను గాని, పాలసీసాలను గాని ప్రకటించుటయే నేరము. డబ్బాపై బిడ్డ బొమ్మయు తల్లి బొమ్మయు నుండరాదు. తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమను మాట తప్పక యుండవలెను. ప్రకటన యనగా కాగితముపై అచ్చువేసినదే కాదు. శబ్దముచేతను, ఎలక్ట్రానిక్ సాధనములచేతను చేయబడునదియు ప్రకటనయేయని ఆ చట్టము చెప్పుచున్నది. కావున ఫోనులో వినవచ్చు పొగడ్తయు దాని పరిధిలోనిదే. ఇంకొక ముఖ్యాంశము కలదు. ఈ సరకులు చేయు కంపెనీలు వైద్యులకును వైద్యసంఘములకును కానుకలీయరాదు. వారి సభలకు గాని, శిక్షణలకు గాని, పరిశోధనలకు గాని ధనము సమకూర్పరాదు. తల్లి నమ్మునది వైద్యుని మాట గనుక, ఆ మాటను కొనకుండ కాపాడుటయే దీని యుద్దేశము.

చట్టమున్నను చిక్కేమనగా, ఫోనుకు ఎల్లలు లేవు. ఒక దేశమున పుట్టిన ప్రకటన మరియొక దేశపు పురిటిగదిలో వినబడుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2022లో ఈ విషయమున రెండు నివేదికలు వెలువరించిరి. బంగ్లాదేశము, చైనా, బ్రిటను మొదలగు 8 దేశములలో 8,500 మంది తల్లిదండ్రులను, గర్భిణులను అడుగగా, వారిలో 51 శాతము మంది పాలపొడి కంపెనీల ప్రచారము తమ్ము చేరినదని చెప్పిరి. రెండవ నివేదిక ఫోనులలోని ప్రచారమును పరీక్షించినది. ఆ కంపెనీల పక్షమున దినమునకు సుమారు 90 పర్యాయములు క్రొత్త విషయములు వెలువడుచుండెననియు, అవి 22 కోట్ల 90 లక్షల మందికి చేరుచుండెననియు తేలినది. తల్లిపాలను గూర్చి లాభాపేక్ష లేక చెప్పబడు మాటలు చేరినవారికి ఇది మూడురెట్లు.

ఇన్ని కోట్ల జనములో బాలింత యెవరో వారికెట్లు తెలియును? మనమే చెప్పుచున్నాము. గర్భిణులకై చేయబడిన యాప్పులో పురుడు వచ్చు తేదీ వ్రాయుదుము. బహుమానము వచ్చునని శిశు క్లబ్బులో పేరు చేర్చుకొందుము. "బిడ్డ రాత్రి నిద్రపోదేమి?" యని అర్ధరాత్రి ఫోనునడుగుదుము. ఆ యడుగులజాడలు పట్టుకొని ప్రకటన వెదకికొనుచు వచ్చును. పాడ్‌కాస్టులలో మరియొక యేర్పాటు కలదు. ఒకే ప్రసంగమును ఇద్దరు విన్నను, వారున్న చోటునుబట్టి నడుమ వచ్చు ప్రకటన వేరుగా నుండవచ్చును. ఇక ప్రసంగించువారే తమ నోట ప్రకటన చదువుట మరియొక పద్ధతి. అది ప్రకటనవలె వినబడదు. స్నేహితురాలి మాటవలె వినబడును. ఈ చిక్కులను గుర్తించియే 2025 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ఫోనుల ద్వారా సాగు ఈ ప్రచారమును అదుపుచేయుటకు మరల తీర్మానించినది.

లాన్సెట్టు అను వైద్యపత్రిక 2023లో ఈ విషయముపై మూడు వ్యాసములు ప్రచురించినది. అందలి ముఖ్యమైన మాట యొకటి ప్రతి తల్లియు జ్ఞాపకముంచుకొనదగినది. బిడ్డ యేడ్చుట, చిరాకుపడుట, రాత్రి మాటిమాటికి మేలుకొనుట పసితనమునకు సహజములు. వానిని జబ్బులుగా చూపి, డబ్బాను మందుగా అమ్ముట యీ వ్యాపారపు కిటుకు. మేము చెప్పిన యింట జరిగినది అక్షరాల ఇదియే.

పాలు చాలుచున్నవో లేదో తెలిసికొనుటకు ఏడ్పు కొలత కాదు. పుట్టిన వారమునకు పిమ్మట బిడ్డ దినమునకు ఆరుమార్లకు తక్కువకాకుండ గుడ్డలు తడుపుచున్నదా? రెండు వారములకు పుట్టినప్పటి తూకమునకు మరల వచ్చి, అటుపై పెరుగుచున్నదా? ఈ రెంటికిని ఔనన్నచో పాలు చాలుచున్నవనియే యనుకొనవచ్చును. దినమునకు ఎనిమిది మొదలు పండ్రెండు పర్యాయములు పాలు త్రాగుట వింతకాదు. చన్ను కుడిచినకొలది పాలూరును. సీసా పట్టినకొలది పాలు తగ్గును. సందేహము కలిగినచో ఫోనునడుగక, బిడ్డను తూచి చూడగలవారి యొద్దకు తీసికొనిపొండు. జ్వరము వచ్చినను, పాలు త్రాగక మగతగా నున్నను, ఏడ్పు తీరు మారినను జాగు చేయరాదు.

ఇంట పెద్దవారికొక మనవి. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన దేశమున నూటికి 88 మందికి పైగా బిడ్డలు ఆసుపత్రులలోనే పుట్టుచుండిరి. కాని పుట్టిన గంటలోపల తల్లిపాలు త్రాగినవారు నూటికి 42 మందియే. ముర్రుపాలు పిండి పారబోయుట, తేనె నాకించుట వంటి పాత యలవాట్లును ఇందుకు కొంత కారణము. మన తప్పు దిద్దుకొనక కంపెనీలనే నిందించిన లాభము లేదు.

ఇట్లు వ్రాసినందున పోతపాలు పట్టు తల్లిని మేము తప్పుపట్టుచున్నామని యెవరును తలపవలదు. తల్లి జబ్బుపడిన యింట, తల్లిలేని బిడ్డయున్న యింట అది ప్రాణాధారము. వైద్యుని సలహాతో, కాచిన నీటితో, చెప్పిన కొలతకు తగ్గకుండ కలిపి పట్టవలెను. నెలతక్కువ బిడ్డలకు ఇతర తల్లుల పాలనిచ్చు నిధులును వెలసినవి. ముంబయి సయను ఆసుపత్రిలో 1989లో ఆరంభమైన నిధి ఆసియాలో మొదటిది. హైదరాబాదు నీలోఫరు ఆసుపత్రిలో 2017లో "ధాత్రి" వెలసినది. అవసరము వేరు, ఆశచూపి అమ్ముట వేరు.

కావున ఫోనులో విద్య వినవలదని మేము చెప్పము. వినుడు, మంచి వైద్యుల మాటలు తప్పక వినుడు. కాని ప్రతి ప్రసంగమునకు ముందొక ప్రశ్న వేసికొనుడు: దీనికి డబ్బు ఎవరిచ్చుచున్నారు? వైద్యులైన సోదరీమణులును తమకై చేయబడు పరిశోధనా ప్రసంగములను ఈ ప్రశ్నతోనే వినవలెనని మా ప్రార్థన. మాట నడుమ డబ్బా పేరు వినవచ్చినచో, ఆ పేరు వచ్చుటకు ముందు చెప్పిన మాటలనుగూడ మరియొకమారు తర్కించి చూడుడు. మన తల్లులును అమ్మమ్మలును ఇంటికి వచ్చిన క్రొత్తమనిషిని గుమ్మములోనే నిలిపి, ఎవరివారు, ఏ పనిమీద వచ్చినారని యడిగిన పిమ్మటనే లోనికి రానిచ్చెడివారు. ఆ మర్యాదను ఫోనులోని గొంతుకును పాటించిన చాలును.