కుంగని బండి

పత్తి కాలంలో ఆదోని మార్కెట్ యార్డు గేటు ముందర ఒక గంట నిలబడితే ఒక విచిత్రం కంటబడుతుంది. సరుకు దింపి ఖాళీగా వెనుదిరిగే పికప్పు బళ్ళలో చాలావాటికి వెనుకభాగం ఆకాశంలోకి లేచి ఉంటుంది, ముక్కు నేలను చూస్తుంటుంది. పోట్లాటకు దిగబోయే పొట్టేలు నిలుచున్నట్టుగా నిలుచుంటాయవి. అది కంపెనీ ఇచ్చిన రూపం కాదు. మన ఊళ్ళలో కమాన్ల మేస్త్రులు ప్రసాదించిన రూపం. ఈ టపా ఆ రూపానికి వ్యతిరేకంగా వ్రాస్తున్నాను. సాహిత్యపు పేజీలో ఈ ఇనుప గోల ఏమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు, చిట్లించనీయండి.

మా పిన్నిగారి అబ్బాయి ఎమ్మిగనూరులో ఉంటాడు. నిరుడు ఒక పాత పికప్పు కొన్నాడు. కొన్న మూడవ రోజే ఆదోనిలో ఒక షెడ్డుకు తీసుకుపోయి, ఉన్న ఏడు పట్టీలకు తోడు లారీవి రెండు పాత పట్టీలు ఎక్కించి, అది చాలదన్నట్టు ఇరుసుకూ కమాను కట్టకూ మధ్య ఇనుప దిమ్మెలు పెట్టించుకొని, పొడుగాటి యూ బోల్టులతో బిగింపించుకొని వచ్చాడు. "ఇంగ ఎంత లోడేసినా కుంగదన్నా!" అన్నాడు, కొడుకు మీసం దువ్వినంత సంతోషంతో. ఆ బండిలోనే నన్ను ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు తీసుకుపోయాడు. ముప్పై కిలోమీటర్ల దారి. దిగేసరికి నా వెన్నుపూసలు ఒక్కొక్కటీ ఎక్కడెక్కడ ఉన్నాయో నాకు స్పష్టంగా తెలిసింది.

కుంగదు. నిజమే. నా ఫిర్యాదంతా దాని మీదనే.

కమాను అనే మాట పారసీకం నుంచి వచ్చింది, విల్లు అని అర్థం. బిజాపూరు సుల్తానుల ఏలుబడి చూసిన ఆదోనిలో ఈ మాట పరాయిగా వినిపించదు. వంగి, మళ్ళీ తన రూపానికి రావడం విల్లు స్వభావం. వంగని విల్లు కట్టెతో సమానం. పాత జట్కా బళ్ళకు కమాన్లుండేవి, ఎద్దుబళ్ళకు ఉండేవి కావు. రెంటిలోనూ కూర్చున్న పెద్దలను అడిగితే తేడా చెబుతారు. మా తమ్ముడు డబ్బిచ్చి మరీ జట్కాను ఎద్దుబండిగా మార్పించుకున్నాడు.

కొంచెం లెక్క చూద్దాం. ఒకే మందం గల ఏడు పట్టీల కట్టకు అటువంటివే మరి రెండు చేర్చితే బిగువు సుమారు 29 శాతం పెరుగుతుంది. కాని మేస్త్రి వేసేది అటువంటి పట్టీ కాదు, లారీ నుంచి ఊడదీసిన మందపు పట్టీ. పట్టీ బిగువు దాని మందానికి ఘనం చొప్పున పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీకి బదులు 10 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే అదొక్కటే ఇంచుమించు రెండు పట్టీల పెట్టు. పైగా ఒకే వంపులో మందపు పట్టీ మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. ఇదివరకే ఒక లారీ జీవితకాలం మోసి అలసిపోయిన ఉక్కు, సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర ఏదో ఒకనాడు చిట్లుతుంది. అది ఇంటి ముందర చిట్లదు గదా!

ఇంతకూ ఆ రెండు పట్టీలు వేటిని బలపరిచాయి? ఇరుసు పాతదే. బేరింగులు పాతవే. టైర్లు, బ్రేకులు, చట్రం అన్నీ 1.3 టన్నులకో, 1.7 టన్నులకో లెక్కగట్టి చేసినవే. ఇదివరకు బరువెక్కువైతే బండి వెనక్కు కుంగి, "అయ్యా, ఇక చాలు" అని చెప్పేది. మనం బరువు తగ్గించలేదు, ఆ చెప్పే నోటిని కుట్టివేశాము.

"రోడ్లు బాగలేవు, ఎత్తు లేకుంటే ఎట్ల?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. వానాకాలంలో నల్లరేగడి పొలాల దారులు ఎలా ఉంటాయో నాకు తెలియనిది కాదు. ట్రాక్టరు చక్రాలు చేసిన చాళ్ళలో పికప్పు దిగితే కడుపు ఆనుకుంటుంది. కాని ఆనుకునేది ఏది? వెనుక ఇరుసు నడుమనున్న ఆ గుండ్రటి డిఫరెన్షియల్ గుండు. అది ఇరుసుతోపాటే ఉంటుంది, ఇరుసు చక్రంతోపాటే ఉంటుంది. కమాను కింద దిమ్మె పెడితే బాడీ పైకి లేస్తుందే కాని ఆ గుండు వెంట్రుకవాసి కూడా లేవదు. దానిని లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే. అంటే మా తమ్ముడు డబ్బులు పోసి పెంచుకున్న ఎత్తు, ఎత్తు అవసరమైన చోట తప్ప అన్నిచోట్లా పెరిగింది!

పెరిగిన చోట ఏం చేస్తుందో చూడండి. పత్తి తేలికైన సరుకు. బోరాలు కట్టి క్యాబిను మీదికి, దాని మీద ఇంకొక నిలువు లేపితేగాని కిరాయి గిట్టదు. కనుక పత్తి బండికి బరువు సమస్య అంతగా లేదు, ఎత్తు సమస్య ఉంది. చక్రాల మధ్య వెడల్పు 1.4 మీటర్లనీ, సరుకుతో సహా గరిమనాభి 1 మీటరు ఎత్తున ఉందనీ అనుకుందాం. వెడల్పులో సగాన్ని ఎత్తుతో భాగిస్తే 0.7. మలుపులో బండి ఎంత పక్కతోపుకు తట్టుకోగలదో చెప్పే స్థూలమైన కొలత ఇది. బాడీని నాలుగంగుళాలు లేపగానే అది 0.64కు దిగుతుంది. పైన బోరాలు ఊగుతుంటే ఇంకా తక్కువ. అసలు పట్టీలు అక్కరలేని సరుకుకే పట్టీలు వేసి, దించవలసిన బండిని లేపుతున్నాము. ఉల్లిగడ్డల సంగతి వేరు, అక్కడ నిజంగానే బరువు ఉంటుంది. కాని ఆ బరువుకు మందు పెద్ద బండి, లేదా రెండవ ట్రిప్పు.

బ్రేకుల మాట చెబితే మేస్త్రి నవ్వాడు. నవ్వదగింది కాదు. కొన్ని పికప్పులలో వెనుక ఇరుసుకూ చట్రానికీ మధ్య ఒక చిన్న కడ్డీతో కూడిన వాల్వు ఉంటుంది. బండి కుంగితే బరువుందని గ్రహించి వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది, పైకి లేస్తే ఖాళీగా ఉందనుకొని తగ్గిస్తుంది. దిమ్మెలు వేసిన బండిలో రెండు టన్నులు నింపినా ఆ అమాయకపు వాల్వు బండి ఖాళీ అనే నమ్ముతుంది. దానిని తిరిగి సరిచేయాలని ఏ షెడ్డులోనైనా ఎవరైనా అనగా నేను వినలేదు.

ఇంతవరకూ సరుకు గురించి చెప్పాను. నాకు కోపం తెప్పించేది సరుకు కాదు.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు పల్లెల నుంచి ఏటా పంటలు తగ్గిన కాలంలో కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకూ, పత్తి తీతకూ వలసపోతాయి. ఇంటికి తాళం, బండిలో బియ్యం మూట, సామాన్లు, వాటి మీద పిల్లలు, ముసలివాళ్ళు. 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. దగ్గరి పొలాలకు పోయే కూలీలైతే రోజూ ఇవే బళ్ళలో నిలబడి పోతారు. రెండు టన్నుల ఉల్లిగడ్డలకని బిగించిన కమాను మీద ఇరవై మంది మనుషుల బరువు లెక్కలోకి రాదు, అది వంగనే వంగదు. ప్రతి గుంతా నేరుగా వాళ్ళ ఎముకల్లోకి పోతుంది. గట్టి గుంతలో చక్రం నేలను వదిలి ఎగురుతుంది, నేలను వదిలిన చక్రానికి బ్రేకూ లేదు, మలుపూ లేదు. నిండు గర్భిణి ఒకామె ఆ బాడీ అంచు పట్టుకొని నిలబడటం నేను చూశాను. సరుకుల బండిలో మనుషులను ఎక్కించరాదన్న చట్టం ఉండనే ఉంది. బస్సు లేని ఊళ్ళో ఆ చట్టం ఎవరికి చెప్పాలి? ఎక్కక తప్పదు కనుక ఎక్కుతారు. కనీసం ఎక్కిన బండి వంగే బండిగానైనా ఉండనీయమంటున్నాను.

చట్టం అన్నాను కనుక రెండు మాటలు. తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున విధించారు. పట్టీలు తొమ్మిదైనా పదకొండైనా ఆర్.సి. పుస్తకంలో బరువు అంకె మారదు. బండి కుంగకుంటే పోలీసులు పట్టుకోరన్నది మా తమ్ముడి సిద్ధాంతం. తూకపు కాటా కమాన్లను లెక్కపెట్టదని వాడికి ఇంకా తెలియదు.

మరి ఏం చేయించాలి? ముందుగా ఉన్నదానిని బాగుచేయించండి. అరిగిన బుష్షులు, షాకిల్ పిన్నులు మార్పించండి. వంపు పోయిన పట్టీల కట్టను అదే కొలతల కొత్త కట్టతో మార్చండి, రెండువైపులా ఒకేసారి. తరువాత షాకబ్జార్బర్లు. మనవాళ్ళు కమాన్లకు వేలు పోస్తారు గాని, నూనె కారిపోయిన షాకబ్జార్బరును ఏళ్ళ తరబడి అలంకారంగా వేలాడదీసి ఉంచుతారు. కమాను ఎగురుతుంది, ఆ ఎగురుడును ఆపేది షాకబ్జార్బరు. గ్యాసు నింపిన మంచివి నాలుగు వేయించుకుంటే చాలామందికి ఇంకేమీ అక్కరలేదు. చట్రం కింది బంప్ రబ్బర్లు ఉన్నాయో లేవో వంగి చూసుకోండి, లేకపోవడానికే అవకాశం ఎక్కువ. సరుకు మీద పడినప్పుడే తగిలే హెల్పరు పట్టీ కంపెనీ ఇచ్చి ఉంటే దానిని తీసివేయకండి. దిమ్మెలు మాత్రం వద్దు, ఏ రూపంలోనూ వద్దు.

రైతును, డ్రైవరును నిందించడం నా ఉద్దేశం కాదు. కిరాయి ట్రిప్పు లెక్కన ఇస్తారు, వాయిదా నెల లెక్కన కట్టాలి. ఆ రెండింటి మధ్య నలిగేవాడు బండిని ఎక్కువ నింపక ఏం చేస్తాడు? కాని "ఎంతయినా మోస్తుంది" అని ఆ నలిగేవాడికి అబద్ధం అమ్మే షెడ్డు యజమానికి ఆ మాఫీ నేను ఇవ్వలేను. లెక్క వాడికి తెలుసు. విరిగిన పట్టీల కుప్ప వాడి షెడ్డు వెనుకనే ఉంది, నేను కళ్ళారా చూశాను.

నెల రోజులు పోట్లాడిన మీదట మావాడు దిమ్మెలు తీయించాడు. రెండు లారీ పట్టీలలో ఒకదానిని కూడా ఊడదీయించి, కొడవళ్ళు చేయించడానికి కమ్మరికి ఇచ్చాడు. రెండవదాని సంగతి అడిగితే, "ఈసారి ఉల్లిగడ్డలు తోలినాక చూస్తాంలేన్నా" అన్నాడు.