రావలసిన సొమ్ము నడుగుటకు సంకోచమేల?

అంగడికి పోయి, వస్తువును చేతబట్టి చూచి, బేరమాడి కొనుట మన పెద్దల యలవాటు. నేడు ఫోనులో బొమ్మను చూచి, ముందుగా సొమ్ము చెల్లించి, వస్తువు కొఱకు ఎదురుచూచుట అలవాటైనది. హోసూరు, బళ్ళారి, బరంపురము, షోలాపూరు, యానాము - ఎచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబమైనను ఈ మార్పునకు వెలుపల లేదు. ఇందువలన సౌకర్యము కలిగినమాట నిజమే. కాని పట్టుచీర యని చూపి పాలియెస్టరు చీర పంపినప్పుడో, పగిలిన పాత్ర వచ్చినప్పుడో, తిప్పిపంపిన వస్తువునకు సొమ్ము రానప్పుడో, ఎవరి గడప త్రొక్కవలెనో తెలియక పలువురు మిన్నకుండుచున్నారు.

"మూడువందల రూపాయలకై ఎవరు తిరుగుదురు? పోనిండు" అను మాట మన యిండ్లలో తఱచు వినబడును. దీనికి తోడు మనకు వేఱొక జంకు కలదు. ఇంట తెలుగు, వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో, కాగితముమీద ఇంగ్లీషు. ఫిర్యాదు ఏ భాషలో వ్రాయవలెను? ఈ సందేహముతోనే గడువు కాస్తా గడచిపోవును. ఒక యింటికి మూడువందలు స్వల్పమే. వేయి యిండ్లవారు అట్లే పోనిచ్చినచో అది మూడు లక్షలై మోసగానికి పెట్టుబడి యగును.

చట్టము మనపక్షముననే యున్నది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానమున 2019లో చేసిన క్రొత్త చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. ఆ నెలలోనే ఆన్‌లైన్ వర్తకమునకు ప్రత్యేక నియమములు వెలువడినవి. వాని ప్రకారము ప్రతి వర్తక సంస్థయు ఫిర్యాదులు వినుటకు ఒక అధికారిని నియమించి, ఆయన వివరములను ప్రకటింపవలెను. ఆ యధికారి ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపవలెను. ఒక నెలలో పరిష్కరింపవలెను. వస్తువు లోపము గలదైనను, నకిలీదైనను, ప్రకటించిన లక్షణములు లేనిదైనను విక్రేత దానిని వాపసు తీసికొనుటకు గాని, సొమ్ము తిరిగి యిచ్చుటకు గాని నిరాకరింపరాదు. చెప్పిన గడువు దాటి వచ్చిన వస్తువునకును ఇదియే నియమము. అనివార్యమైన విపత్తుచే జరిగిన ఆలస్యము మాత్రము మినహాయింపు. అయితే మనసు మారినదను కారణముచే వాపసు చేయుట వేఱు సంగతి. అది విక్రేత ముందుగా ప్రకటించిన షరతులను బట్టి యుండును. ఈ భేదము నెఱుగక చేసిన తగవు నిలువదు.

ఇక చేయవలసిన పని. బిల్లును, చెల్లింపు రుజువును, ప్రకటన బొమ్మను, వచ్చిన వస్తువు బొమ్మను భద్రపఱచుకొనవలెను. మొదట సంస్థ యధికారికి వ్రాతమూలముగా ఫిర్యాదు చేసి, దాని సంఖ్యను వ్రాసియుంచుకొనవలెను. ఫలితము లేనిచో 1915 అను జాతీయ సహాయవాణికి ఫోను చేయవచ్చును. అచ్చట 17 భాషలలో మాటలాడవచ్చును. అందు తెలుగు ఒకటి. అది న్యాయస్థానము కాదు గాని, వ్యాజ్యమునకు ముందే సంస్థతో సంప్రదించి పరిష్కారమునకు యత్నించును. అప్పటికిని తెమలనిచో జిల్లా వినియోగదారుల కమిషన్ కలదు. విక్రేత ఢిల్లీలో నున్నను మనము నివసించు చోటనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొనుట తప్పనిసరి కాదు. వివాదము పుట్టిన రెండేండ్లలోపల దాఖలు చేయవలెనను మాట మాత్రము మఱువరాదు.

ఖాతానుండి సొమ్ము తీసికొనబడి, వర్తకునికి చెల్లింపు ధ్రువపడని సందర్భములు వేఱు. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు చేసిన యేర్పాటు ననుసరించి యూపీఐ, కార్డు చెల్లింపులలో అట్టి సొమ్ము 5 దినములలో తిరిగి జమ కావలెను. ఆ పిమ్మట దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము రావలెను.

ఒక హెచ్చరిక. సొమ్ము వాపసిత్తుమని నమ్మించి దోచుకొనువారు పెచ్చుపెరిగినారు. సహాయవాణి సంఖ్యను సంస్థవారి స్వంత యాప్‌లోనే చూచుకొనవలెను. సొమ్ము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ కొట్టవలసిన పని ఎన్నడును లేదు. మోసపోయినట్లు తెలిసిన తక్షణమే 1930కి ఫోను చేయవలెను.

హక్కుతో పాటు ధర్మము కూడ కలదు. షోలాపూరులో తరతరములుగా మగ్గమును నమ్ముకొన్నవారు మనవారే. నేటి ఆన్‌లైన్ అంగళ్ళలో అమ్మువారిలోను చిన్న వర్తకులు, నేతపనివారు గలరు. పెండ్లికి కట్టిన చీరను మడతపెట్టి వాపసు పంపుట కూడ మోసమే. న్యాయము నడుగువాడు న్యాయముగా నుండవలెను.

ప్రతి యూరి తెలుగు సంఘమును వారమున కొక సాయంకాలము ఇందులకు కేటాయింపవలెనని మా కోరిక. పెద్దలు తమ గోడు తెలుగులో చెప్పుకొందురు. చదువుకొన్న యువకులు దానిని ఆ రాష్ట్ర భాషలోనో ఇంగ్లీషులోనో వ్రాసి పంపగలరు. ఇందులకు కావలసినది ఒక బల్ల, ఒక ఫోను, కొంత ఓపిక. మన సంఘములు ఈ పాటి సేవకు వెనుదీయవని మా నమ్మకము.