ఆలోచనల గొలుసుకట్టు

మన విద్యార్థులు తరచుగా వినే ఆంగ్ల పలుకుబడులలో 'ట్రైన్ ఆఫ్ థాట్' ఒకటి. వక్తృత్వపు పోటీలో మాట తడబడి నిలిచిపోయిన వక్త, తన 'ట్రైన్ ఆఫ్ థాట్' తెగిపోయిందని చెప్పుకొంటాడు. ఒక భావం వెంట మరొక భావం పూర్వాపర సంబంధంతో సాగడమే దాని అర్థం. ఇది రైలుబండి నుండి పుట్టిందని పలువురు తలుస్తారు. అది నిజం కాదు.

ఇంగ్లండులో ఆవిరియంత్రంతో నడిచే తొలి ప్రజా రైలుమార్గం 1825లో ప్రారంభమైనది. బొంబాయి, ఠాణాల నడుమ రైలు నడిచినది 1853లో. కాని థామస్ హాబ్స్ అనే తత్త్వవేత్త 1651లోనే తన 'లెవయతాన్' గ్రంథంలో ఈ మాటను వాడినాడు. లాగుట అనే అర్థం గల లాటిన్ ధాతువు దీనికి మూలం. ప్రభువుల వెంట నడిచే పరివారానికీ ఈ పేరే ఉండేది. రైలుకు ఆ తరువాతనే వచ్చింది. హాబ్స్ భావాల వరుసను రెండు విధాలుగా చెప్పినాడు: గమ్యం లేక తిరుగాడేది ఒకటి, ఒక ఉద్దేశం నడిపించేది మరొకటి. 1890లో విలియం జేమ్స్ ఈ పోలికనే కాదన్నాడు. గొలుసు, వరుస అనే మాటలు మనస్సుకు తగవనీ, అది ప్రవాహమనీ అతని వాదం.

ఉర్దూలో దీనిని 'సిల్సిలా-ఎ-ఖయాల్' అంటారు. సిల్సిలా అంటే గొలుసు. తెలుగులో 'ఆలోచనా పరంపర' అంటాము. అయితే గొలుసునూ ప్రవాహాన్నీ ఒక్కటి చేసిన మాట మన తెలంగాణలోనే ఉన్నది: గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. నడుమ కాలువ పూడిపోతే కింది ఆయకట్టు ఎండిపోతుంది.

నేటి మన చదువులో పూడినది ఆ కాలువయే అని మా అభిప్రాయం. గైడు పుస్తకం నుండి కంఠస్థం చేసిన జవాబులు ఒక్కొక్కటి ఒక్కొక్క కుంటగా మిగిలిపోతున్నవి. 'ఏమిటి' అని అడిగితే విద్యార్థి చెప్పగలడు. 'ఎందువలన' అని అడిగితే మౌనం వహిస్తాడు. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, పరీక్షలో ఆంగ్లం అయినచోట ఈ చిక్కు రెట్టింపవుతుంది.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి. వారానికి ఒక గంట కేటాయించండి. ఆ గంటలో విద్యార్థి ఒక పాఠాన్ని ముందు తన మాతృభాషలో కారణకార్యాలతో వివరించి, పిదప ఆంగ్లంలో చెప్పాలి. దీనివల్ల ఆంగ్లం వెనుకబడుతుందని కొందరు శంకించవచ్చును. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా ఆధునిక శాస్త్రాలు బోధించింది. ఆంగ్లాన్నీ నిర్బంధ పాఠ్యవిషయంగా ఉంచింది. స్వభాషలో ఆలోచించుట పరభాషకు ఆటంకం కాదని చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలును.

నల్లమల అంచున ఉన్న మన లింగాలకు రైలు లేదు. అందుకు చింత లేదు. చెప్పే మాటకు ముందువెనుకలు తెలిసిన విద్యార్థులు ఇక్కడి నుండి బయలుదేరితే అదే పదివేలు.