మృతభూమికి జీవం

ఏటా జూన్ 17వ తేదీని ప్రపంచ దేశాలు ఎడారీకరణ నిరోధక దినంగా పాటిస్తున్నాయి. 1994లో అదే తేదీన ఈ విషయమై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ఆమోదం పొందింది. మన దేశమూ అందులో భాగస్వామియే. 2019 సెప్టెంబరులో సభ్యదేశాల 14వ మహాసభ మన గడ్డ మీదనే జరిగింది.

ఎడారీకరణ అంటే ఎడారి కదలి ఊళ్ల మీదికి రావటమని చాలామంది తలుస్తారు. చెట్ల నరికివేత, మితిమీరిన పశువుల మేత, విశ్రాంతి లేని సాగు, వరుస కరవుల మూలంగా మెట్టభూములు సారం కోల్పోవటమే ఎడారీకరణ. నేలమీదా నీటిమీదా కల్లోలం మానవుల స్వయంకృతమేనని దివ్య ఖుర్ఆన్ (30:41) హెచ్చరిస్తున్నది.

ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశంలో యాకూబా సవాదోగో అనే రైతు ఉండేవారు. బాల్యంలో ఖుర్ఆన్ పాఠశాలలో చదివినవారు. 1980 ప్రాంతంలో కరవులకు తాళలేక జనం ఊళ్లు విడుస్తుండగా, ఆయన గట్టిపడిన నేలలో గుంతలు తవ్వటం మొదలుపెట్టారు. 'జాయ్' అనే ఆ పాత పద్ధతిని ఆయన మెరుగుపరిచారు. వేసవిలోనే గుంతలు తవ్వి ఎరువు నింపితే, చెదలు చేరి నేలను గుల్లచేస్తాయి. తొలకరి నీరు పారిపోక అక్కడే ఇంకుతుంది. ఇరుగుపొరుగు ఆయనను పిచ్చివాడన్నారు. ఆయన పెంచిన చెట్లకు నిప్పు పెట్టినవారూ లేకపోలేదు. ఆయన పగబట్టలేదు, పని మానలేదు. సంతలు జరిపి విత్తనాలను, విద్యను అందరికీ పంచారు. ఆ బీడు 60కి పైగా జాతుల చెట్లతో వనమైంది. 2023లో ఆయన పరమపదించారు. అల్లాహ్ ఆయనను కరుణించుగాక!

1989లో పొరుగు దేశమైన నైజర్ రైతులు ఆ ప్రాంతానికి వచ్చి, ఈ పద్ధతిని చూచి నేర్చుకుని తమ ఊళ్లలో ఆచరించారు. 2007లో ఆఫ్రికా సమాఖ్య 'మహా హరిత కుడ్యం' పథకాన్ని చేపట్టింది. 2030 నాటికి 10 కోట్ల హెక్టార్ల భూమిని పునరుద్ధరించటం దాని లక్ష్యం. ఒడంబడికలూ నిధులూ అవసరమే. అయితే గుంతను ఎవరో ఒకరు తవ్వవలసిందే. పుణ్యకార్యాలలో పరస్పరం సహకరించుకోవాలన్న దైవాజ్ఞకు (5:2) సరిహద్దులు లేవు.

విశ్వాసి నాటిన మొక్క నుండి మనిషిగానీ, పక్షిగానీ, పశువుగానీ తిన్నదంతా అతని పక్షాన దానమేనని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఈ హదీసును మేము ఏళ్ల తరబడి బోధించాము. విద్యార్థులు కంఠస్థం చేశారు, పరీక్షలో రాశారు. పాఠం ముగిశాక అదే పిల్లలు వుజూ కొళాయిలు వదలిపెట్టి కబుర్లాడుతుంటే మేము పట్టించుకోలేదు. ఒక ముద్ద్ నీటితో, అనగా దోసెడు నీటితో, ప్రవక్త (స) వుజూ చేసేవారన్న హదీసు కూడా మా పాఠంలోనిదే. లోపం పిల్లలది కాదు, మాది.

అనంతపురం మెట్ట రైతుకు నీటి విలువ ఒకరు చెప్పనవసరం లేదు. చెప్పవలసింది కొళాయి తిప్పితే నీరు వచ్చే మన ఇళ్లకే. ఈ మాసం ప్రతి ఇంటా పిల్లల చేత ఒక మొక్క నాటించండి. వుజూకు చెంబు వాడటం అలవాటు చేయించి, ఆ మిగులు నీటినే మొక్కకు పోయించండి. అప్పుడే హదీసు కంఠం దిగి చేతికి వస్తుంది.