మందుకు ముందు పరీక్ష

ఆదోని ప్రత్తి విపణిలో పింజను చేతబట్టి చూడక వెలకట్టు వర్తకుడు లేడు. ప్రాణమునకు సంబంధించిన చోట మాత్రము ఈపాటి పరీక్ష యనావశ్యకమని తలచుచున్నాము. జ్వరము వచ్చినదే తడవుగా అంగడికేగి మాత్రలు కొని మ్రింగుటయు, కొంత నెమ్మదింపగానే మానివేయుటయు వాడుకయైనది.

గులాబిరంగు పురుగు బీటీ ప్రత్తిని జయించిన విధము మన రైతు లెరుగుదురు. విషమునకు చావక మిగిలిన పురుగుల సంతతియే చేనంతయు నాక్రమించినది. రోగకారకములగు బాక్టీరియాలును అట్టివే. పెనిసిలిన్‌ను కనుగొనిన ఫ్లెమింగు పండితుడు, చాలీచాలని మోతాదులు వాడినచో సూక్ష్మజీవులు మందునకు లొంగకపోవునని 1945లోనే నోబెల్ ప్రసంగమున హెచ్చరించెను. లోకము పెడచెవిని బెట్టినది. 2019లో ప్రపంచమున సుమారు 12.7 లక్షల మంది ఇట్టి మొండి బాక్టీరియాల మూలమున మరణించిరని శాస్త్రజ్ఞుల యంచనా.

ఉపాయము లేకపోలేదు. రోగి రక్తమునో మూత్రమునో చీమునో గైకొని, అందలి బాక్టీరియాలను పళ్లెరమున పెంచి, వేర్వేరు మందులద్దిన కాగితపు బిళ్లలను దానిపై నుంచెదరు. ఏ బిళ్ల చుట్టును తగినంత మేర పెరుగుదల నిలిచిపోవునో ఆ మందు పనిచేయును. సాధారణముగా రెండు మూడు దినములలో ఫలితము తెలియును. అపాయస్థితిలో అందాక వేచియుండరాదు; నమూనా తీసికొని, వెంటనే చికిత్స ప్రారంభించి, ఫలితమును బట్టి మందు మార్చవలెను.

అయితే నమూనా దూరప్రయాణమున కోర్వదు. చల్లదనమున నుంచని మూత్రమును రెండు గంటలలోపల పరీక్షకు బెట్టనిచో ఫలితము నమ్మదగదు. ఆదోనినుండి కర్నూలు పెద్దాసుపత్రికి సుమారు 100 కిలోమీటర్లు. కావున పడమటి మండలముల రోగులకు పరీక్ష పడమటనే జరుగవలెను. ఆదోని కేంద్రముగా శిక్షితులగు సూక్ష్మజీవశాస్త్రజ్ఞులను నిలిపి, ఎమ్మిగనూరు నమూనాలు చల్లని పెట్టెలలో నాటికి నాడు చేరు నేర్పాటు చేయవలెను. ఈ ప్రాంతమున ఏ మందు పనిచేయుచున్నదో, ఏది పనిచేయుట లేదో ఏటేట పట్టిక ప్రకటింపవలెను. ప్రయోగశాలలను బలపరచుట 2017 నాటి జాతీయ ప్రణాళికలోనే యున్నది. దానిని ఆచరణలో బెట్టుడని మేము ప్రభుత్వమును కోరుచున్నాము.

వ్యయ మధికమందురా? పనిచేయని మందులకై రైతు పొలమును, నేతగాడు మగ్గమును తాకట్టుపెట్టుట అంతకంటె చౌకయా?

ప్రజలకును కర్తవ్యము గలదు. వైద్యుని చీటి లేక ఇట్టి మందు కొనరాదు. చెప్పినన్నాళ్లు వాడక మానరాదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నిర్వహణలోని పరిశోధనశాలనుండియే 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. లోకమునకు మందు నిచ్చిన జాతి, దానిని వ్యర్థపరచిన జాతిగా మిగులరాదు.