పొరుగు సేవ

సర్కారు కాగితాల్లో యీమధ్య ఒక మాట తరచు కనిపిస్తున్నది: పొరుగు సేవలు. అవుట్‌సోర్సింగ్ అనేదానికి తెలుగు అన్నమాట. మాట కొత్తదే గాని పని మనకు కొత్త కాదు. ధర్మవరం వెళ్ళి చూడండి. షావుకారు పట్టు యిస్తాడు, జరీ యిస్తాడు. నేతపనివాడు తన యింట్లో, తన మగ్గం మీద చీర నేసి యిచ్చి కూలి పుచ్చుకుంటాడు. పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు చేస్తున్న కియా వారికీ విడిభాగాలు అనేకం వేరే కంపెనీలే చేసి పెడతాయి.

యీ వ్యాపారంలో పైకొచ్చిన మనవాడెవరని హిందూపురంలో మా విద్యార్థులు అడిగితే, నేను బైర్రాజు రామలింగరాజు గారి కథ చెబుతాను. ఆయన విజయవాడ లయోలాలో బి.కాం., అమెరికాలో ఎం.బి.ఏ. చదివారు. నూలు మిల్లు పెట్టి చూశారు. 1987లో తండ్రి సత్యనారాయణరాజు గారి పేరు కలిసొచ్చేట్టు హైదరాబాదులో ‘సత్యం’ స్థాపించారు. 1991లో అమెరికా ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ పని దొరికింది. 2001లో వాటాలు న్యూయార్కు బజారుకెక్కాయి. ‘మావాడు సత్యంలో’ అంటే పెళ్ళి సంబంధాలు గుమ్మంలోకి వచ్చిన రోజులవి!

2009 జనవరి 7న ఆయనే ఉత్తరం రాశారు, పుస్తకాల్లో చూపిన సొమ్ములో 5,040 కోట్లు అసలు లేనే లేవని. దేశదేశాల వారి లెక్కలు చూసిపెట్టే యింట్లో సొంత లెక్క తప్పింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది. మే నెలలో సెషన్స్ కోర్టు దాన్ని నిలిపి బెయిలు యిచ్చింది.

మరి పనివాళ్ళ మాటేమిటి? అదృష్టవశాత్తు 2009లోనే టెక్ మహీంద్రా వారు కంపెనీని అందుకున్నారు. 2005లో రాజుగారు ప్రారంభించిన 108 బండ్లూ ఆగలేదు. చేతులు మారి, నేటికీ మన రోడ్ల మీద పరుగెడుతున్నాయి. అందరికీ అంత అదృష్టం వుండదు. ఆసుపత్రుల పనులూ బడుల పనులూ పుచ్చుకున్న కారిలియన్ కంపెనీ 2018 జనవరిలో ఇంగ్లండులో కుప్పకూలితే, వేలమంది పనివాళ్ళు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.

ధర్మవరంలో చీర మడత విప్పి చూపితే గాని కూలి చేతికి రాదు. ఒక్క పోగు తెగినా షావుకారు కంట పడుతుంది. పనివాడి చీరకు యింత పరీక్ష వున్నప్పుడు, పైవారి పుస్తకాల మడత కూడా యెవరో ఒకరు విప్పి చూడవద్దూ?