నడవడానికి దారి లేని నగరం స్మార్ట్ ఎలా అవుతుంది?

షుగర్ ఉందని తేలిన రోజు డాక్టర్లు చెప్పే మొదటి సలహాల్లో ‘రోజూ అరగంట వేగంగా నడవండి’ అన్నది తప్పకుండా ఉంటుంది. బీపీకీ అదే మాట, అధిక బరువుకీ అదే మాట. ప్రభుత్వాసుపత్రి ఓపీలో ఈ సలహా ఇవ్వగానే నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ‘ఎక్కడ నడవమంటారు డాక్టరు గారూ?’ అది బద్ధకంతో చెప్పే సాకు అనుకోవడం తేలిక. కానీ మన వీధులు ఒకసారి గుర్తు చేసుకోండి. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన వరసగా బైకులు, ఆ తర్వాత ఎవరి ఇంటి ర్యాంపో, ఇంకాస్త ముందు మూత లేని డ్రైనేజీ. అరవై ఏళ్ల మనిషి రోడ్డు మీదికి దిగి, వెనక నుంచి వచ్చే ఆటోల హారన్లు వింటూ నడవాలి. అందుకే చాలామంది నాలుగు రోజులు నడిచి మానేస్తారు.

కేంద్ర ప్రభుత్వం 2015 జూన్‌లో ప్రారంభించిన స్మార్ట్ సిటీస్ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. ఎంపికైన వంద నగరాల్లో విశాఖపట్నం, తిరుపతి, కాకినాడ, అమరావతి, వరంగల్, కరీంనగర్ ఉన్నాయి. మొత్తం 8 వేలకు పైగా ప్రాజెక్టులు, వాటి విలువ లక్షా 60 వేల కోట్ల రూపాయలకు పైనే. వంద నగరాల్లోనూ తెరలు, కెమెరాలతో కమాండ్ కంట్రోల్ కేంద్రాలు వచ్చాయి. చాలాచోట్ల మంచి రోడ్లు, పార్కులు, చెరువు గట్ల మీద నడక దారులు కూడా వచ్చాయి, కాదనలేం. ఇప్పుడు ఆ పదేళ్ల లెక్క చూసుకునే సమయం. ఎన్ని కెమెరాలు పెట్టారన్నదానికన్నా, ఆ నగరంలో ఉండేవారి ఆరోగ్యం ఎంత మెరుగుపడిందన్నది ముందు అడగాలని వైద్యుడిగా నా అభిప్రాయం.

పట్టణాల్లో దాదాపు రెట్టింపు షుగర్

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని ముందు దశలో ఉన్నారు. పల్లెల్లో పెద్దవారిలో 8.9 శాతం మందికి షుగర్ ఉంటే, పట్టణాల్లో అది 16.4 శాతం. ఇక శారీరక శ్రమ సంగతి చూస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు వారానికి కనీసం 150 నిమిషాలు. 2022 నాటికి మన దేశంలో పెద్దవారిలో దాదాపు సగం మంది ఆ మాత్రం కూడా చేయడం లేదు. మహిళల్లో వీరు 57 శాతం.

తిండి, వంశపారంపర్యం, నిద్ర, ఒత్తిడి... కారణాలు చాలా ఉన్నాయి. తప్పంతా రోడ్డుదే అనడం లేదు. అయితే ఊరిని కట్టిన తీరు కూడా ఒక కారణమని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. బొగోటా, హాంకాంగ్ సహా పది దేశాల్లోని 14 నగరాల్లో 6,822 మందిని పరిశీలించిన అధ్యయనం 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వారి నడుముకు కదలికలను కొలిచే పరికరం కట్టి మరీ లెక్క తీశారు. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉండి, వీధులు ఒకదానితో ఒకటి కలుస్తూ, నడిచి వెళ్లే దూరంలో బస్ స్టాపులు, పార్కులు ఉన్న చోట నివసించేవారు, అలాంటి వసతులు బాగా తక్కువగా ఉన్నచోట నివసించేవారికన్నా వారానికి 68 నుంచి 89 నిమిషాలు ఎక్కువగా శారీరక శ్రమ చేస్తున్నారని తేలింది. నడక ఇష్టమున్నవారే అలాంటి చోట ఇల్లు తీసుకుని ఉండొచ్చన్న సందేహానికి కొంత తావుంది. అది తీసేసినా, 150 నిమిషాల్లో సగం వరకు ఊరి నిర్మాణంతోనే సమకూరే అవకాశం ఉందంటే అది చిన్న విషయం కాదు. జిమ్‌కు డబ్బు, టైమూ లేనివారికి కూరగాయలకో, బస్సుకో నడిచి వెళ్లడమే వ్యాయామం.

ఆరంగుళాల మెట్టు

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డంకులు లేని దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలి. రోడ్డు నుంచి దాని ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు మించకూడదు. మోకాళ్లు అరిగిన అమ్మమ్మకు ఆరంగుళాల మెట్టుకూ, అడుగు ఎత్తు మెట్టుకూ ఉన్న తేడా, గుడికి వెళ్లడానికీ ఇంట్లో కూర్చోవడానికీ ఉన్న తేడా. 2025 మేలో సుప్రీంకోర్టు కూడా ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని స్పష్టం చేసింది. ఆ మాట ఎంత అవసరమో ఒక్క అంకె చెబుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవారే.

పబ్లిక్ టాయిలెట్లదీ ఇదే కథ. షుగర్ ఉన్నవారికి మూత్రం తరచూ వస్తుంది. ప్రోస్టేట్ సమస్య ఉన్న పెద్దవారికీ అంతే. దారిలో శుభ్రమైన టాయిలెట్ ఉండదని తెలిసి, బయటికి వెళ్లే రోజు నీళ్లు తాగడమే మానేసే మహిళలు ఎందరో. మూత్రనాళ ఇన్ఫెక్షన్లతో వచ్చేవారిలో ఈ మాట చెప్పేవారిని తరచూ చూస్తుంటాం.

ఎండ, నీళ్లు, దోమ

2010 మేలో అహ్మదాబాద్‌లో వడగాలులకు, ముందు వెనక ఏడాదుల మే నెలతో పోలిస్తే 1,344 మరణాలు ఎక్కువగా నమోదయ్యాయి. ఆ నగరం 2013లో ఎండల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. అందులో ఉన్నవి పెద్ద యంత్రాలేమీ కావు. రంగులతో ముందస్తు హెచ్చరికలు, తాగునీటి కేంద్రాలు, ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ, తర్వాతి ఏళ్లలో పేదల రేకుల ఇళ్లకు తెల్ల రంగు. 2015 వేసవిలో దేశంలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోతే, అత్యధికులు మన తెలుగు రాష్ట్రాలవారే. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. మేడ మీద తెల్లని పూత వేస్తే పై అంతస్తు గదుల్లో వేడి తగ్గుతుంది. పగలంతా కాలిన కాంక్రీటు రాత్రి వేడిని వదులుతుంటే, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే బీపీ మాత్రలు వాడే వృద్ధులకు ప్రమాదం మరింత ఎక్కువ. వీధికి నాలుగు చెట్ల నీడ వారి పాలిట మందే.

డెంగీని తెచ్చే ఏడిస్ దోమ మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. కుళాయి రోజు విడిచి రోజు వస్తే, ప్రతి ఇంట్లో డ్రమ్ములు, బకెట్లు నిండుతాయి. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. ఒడిశాలోని పూరీ 2021లో 24 గంటలూ కుళాయి నుంచే నేరుగా తాగగల నీరు ఇచ్చే వ్యవస్థ తెచ్చుకుంది. నీళ్లు నిల్వ పెట్టుకునే అవసరం లేకపోతే దోమకూ చోటుండదు. అలాంటి రోజు వచ్చేదాకా మాత్రం శుక్రవారం డ్రై డే మరచిపోవద్దు.

మన వాటా ఎంత?

తప్పంతా మునిసిపాలిటీ మీద వేస్తే సరిపోదు. ఫుట్‌పాత్ మీదికి దిగిన ర్యాంపు మనదే, దాని మీద నిలిపిన కారూ మనదే. గేటెడ్ కమ్యూనిటీ లోపల వాకింగ్ ట్రాక్ ఉంటుంది. అదే గేటు బయట, మనింట్లో పని చేసే మనిషి లారీల పక్కన నడిచి వస్తుంది. బండి వ్యాపారులను తరిమేయడం పరిష్కారం కాదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వారికి చోటు చూపించాల్సిన బాధ్యత స్థానిక సంస్థలదే.

కుటుంబాలుగా, కాలనీ సంఘాలుగా మనం చేయగలిగేవి ఇవి:

• ఒక ఆదివారం ఇంటి పెద్దలను, చిన్నపిల్లలను వెంటబెట్టుకుని అర కిలోమీటరు నడవండి. ఎక్కడెక్కడ రోడ్డు మీదికి దిగాల్సి వచ్చిందో ఫొటోలు తీసి, సోమవారం ప్రజావాణిలోనో, పీజీఆర్‌ఎస్‌లోనో ఇవ్వండి.

• మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు మన స్థలంలోంచి రోడ్డు పోతోందా అని మాత్రమే చూసుకుంటాం. పార్కులు, చెరువులు, ఖాళీ స్థలాలు ఏమవుతున్నాయో కూడా చూసి గడువులోగా అభ్యంతరాలు రాయండి.

• ఫ్లాట్ కొనేటప్పుడు లిఫ్టు, పార్కింగ్‌తో పాటు స్కూలు, కూరగాయల మార్కెట్, బస్ స్టాప్ నడిచి వెళ్లే దూరంలో ఉన్నాయా అని అడగండి.

• మన ర్యాంపును గేటు లోపలికి జరపండి.

ఇవన్నీ జరిగేదాకా నడక ఆపనక్కర్లేదు. ఒకేసారి అరగంట కుదరకపోతే భోజనాల తర్వాత పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా ఫలితం ఉంటుంది. మేడ మీదైనా, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనైనా సరే. వేసవిలో ఉదయం ఏడు లోపే ముగించండి. షుగర్ ఉన్నవారు చెప్పుల్లేకుండా నడవకూడదు, రాగానే పాదాలు చూసుకోవాలి. ఛాతీలో బిగుతు, ఆయాసం అనిపిస్తే వెంటనే ఆగి వైద్య సహాయం తీసుకోండి.

నగరాల అభివృద్ధికి రేపు మరో పథకం వస్తుంది, మరో పేరు పెడతారు. ఓటు అడగడానికి వచ్చిన కార్పొరేటర్ అభ్యర్థిని ఈసారి ఒక్క మాట అడగండి: ‘మా అమ్మ ఇక్కణ్నుంచి పార్కు దాకా ఒంటరిగా, భయం లేకుండా నడిచి వెళ్లి రాగలదా?’ ఆయన అవునని చెప్పగలిగేలా చేయడమే నగర ప్రణాళిక. ఆ పని జరిగిన ఊళ్లో మా ఓపీ లైన్లు కూడా కాస్త తగ్గుతాయి.